చూపులేని పాఠకుడూ, మన వెబ్ పేజీలూ

కిందటేడు బొబ్బిలి నుంచి ఎం.ఏ. తెలుగు చదువుతున్న ఒక విద్యార్థి ఫోను చేశాడు. గురజాడ కథల మీద నేను రాసిన వ్యాసం ఓ సైటులో ఉందని తెలిసి తెరిచాడట. "మాస్టారూ, మీ వ్యాసం ఉంది గానండి, అందులో మాటల్లేవండి" అన్నాడు. వేళాకోళమనుకున్నాను. ఆ కుర్రాడికి పుట్టుకతోనే చూపు లేదు. అతను చదివేది చెవితో.

చూపులేనివాళ్ళు కంప్యూటరునీ, ఫోనునీ వాడేది స్క్రీన్ రీడర్ అనే ప్రోగ్రాముతో. తెరమీది అక్షరాన్ని అది పైకి పలుకుతుంది. ఆస్ట్రేలియాలో చూపులేని యువకులిద్దరు 2006లో మొదలుపెట్టిన ఎన్‌విడిఎ అలాంటిదే. అది ఉచితం, తెలుగూ పలుకుతుంది. అయితే అది పలికేది అక్షరాన్ని, అక్షరం ఫొటోని కాదు. నా వ్యాసాన్ని పత్రిక నుంచి ఫొటో తీసి పిడిఎఫ్‌గా ఎక్కించారు. మనకది పేజీ. అతనికి గోడ.

ఇంకో తమాషా ఉంది. డీటీపీ కోసం వచ్చిన పాత తెలుగు ఫాంట్లలో మన అక్షరం వెనక ఇంగ్లీషు అక్షరం దాగి ఉంటుంది. మన కంటికి 'అమ్మ' కనబడినచోట అతని చెవిలో అర్థంలేని ఇంగ్లీషు ముక్కలు పడతాయి. తెలుగుకు యూనికోడ్‌లో చోటు 1991లోనే దొరికింది. అయినా మన పత్రికలు చాలా ఏళ్ళు పాత ఫాంట్లనే పట్టుకు వేలాడాయి. ఇక బొమ్మకు వివరం రాయకపోవడం, ప్రతి లింకుకూ 'ఇక్కడ నొక్కండి' అనే పేరు పెట్టడం, మౌసు పట్టలేని వాళ్ళకు కీబోర్డుతో దారి లేకపోవడం, వినపడని వాళ్ళకు వీడియో కింద అక్షరాలు లేకపోవడం - ఇవన్నీ ఆ జాతివే.

అచ్చు ఎవరికోసమన్న తగవు మన ప్రాంతానికి కొత్త కాదు. 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి, చదువుకూ జనానికీ మధ్య గ్రాంథికం అడ్డుగోడ అయిందని జీవితమంతా పోరాడాడు. సవరల భాష కోసం అడవుల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, క్వినైను వల్ల వినికిడి పోగొట్టుకున్న మనిషాయన. ఆయన గెలిపించిన వాడుకభాషలో రాసి, దాన్ని మనం ఫొటోలో బిగించి పెడుతున్నాం.

విజయనగరం సంగీత కళాశాల సంగతి ఇక్కడ చెప్పాలి. చాగంటి జోగారావు కొడుకు గంగబాబుకు చూపు లేదు, సంగీతం మీద ఆశ ఉంది. ఆ పిల్లవాడి కోసమే 1919లో విజయరామ గజపతి ఆ కళాశాల పెట్టించాడని ఊళ్ళో చెప్పుకుంటారు. ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాలు. ద్వారం వెంకటస్వామినాయుడు అక్కడ ఫిడేలు చెప్పాడు. తర్వాత ఘంటసాల అక్కడే చదివాడు, పి. సుశీల అక్కడే చదివింది. ఒక్క చూపులేని పిల్లవాడికని తెరిచిన తలుపులోంచి చూపున్నవాళ్ళు ఎందరు నడిచారో లెక్క లేదు.

ఈ కథ నాకిష్టం. కాని ఇందులో ముల్లుంది. గంగబాబు సంగతి కోటదాకా వెళ్ళింది గనక కళాశాల వచ్చింది. ఆ రోజుల్లోనే ఏ పాలకొండ పల్లెలోనో చూపులేని కంబారి కొడుక్కి ఏం వచ్చింది? ప్రభువు దయ తలుపు తీస్తుంది, మూసినా అడిగేవాడుండడు.

దయను హక్కు చేసింది 2016 చట్టం. (చట్టం అలా అంటూంటే మనం వాళ్ళకు 'దివ్యాంగులు' అని బిరుదిచ్చి గుమ్మం బయటే నిలబెడుతున్నాం.) 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, డిజిటల్ సేవలు అందుబాటులో ఉండడం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని తీర్పు చెప్పింది. ఆ వ్యవహారం మొదలైంది బ్యాంకు ఖాతా దగ్గర. ఖాతా కావాలంటే కెమెరా ముందు కళ్ళార్పి చూపమన్నారు. యాసిడ్ దాడిలో కళ్ళు చెడిన మనిషి కళ్ళెలా ఆర్పుతుంది?

కాపీహక్కు అడ్డొస్తుందనే మిత్రులున్నారు. 2012 సవరణ ఆ అడ్డు తీసేసింది. వైకల్యం వల్ల చదవలేని వాళ్ళకోసం పుస్తకాన్ని వాళ్ళకు పనికొచ్చే రూపంలోకి మార్చి, లాభం చూసుకోకుండా ఇస్తే నేరం కాదు. అంచేత మిగిలింది మన బద్ధకమే. ప్రజలకోసం రాస్తున్నామని నేనూ చాలా సభల్లో చెప్పాను. ఆ ప్రజల్లో ఈ కుర్రాడున్నాడని అతను ఫోను చేసేదాకా నాకు తట్టలేదు.

రెండు సాయంత్రాలు కూర్చుని వ్యాసాన్ని యూనికోడ్‌లో మళ్ళీ టైపు చేసి పంపాను. మర్నాడే ఫోను వచ్చింది. అచ్చుతప్పులు రెండు పట్టుకున్నాడు. 'మెటిల్డా' గురించి నేను రాసింది ఏకపక్షమన్నాడు. నేను ఒప్పుకోలేదు. గంటసేపు వాదించాడు. జవాబు రాస్తానంటే, పత్రికకే పంపమన్నాను.