రజాకార్: ఒక మంచి మాట చెడిపోయిన కథ

కరాచీ ఉర్దూ దినపత్రికలో 'రజాకార్లు' అన్న మాట కనిపిస్తే అక్కడి పాఠకుడు వరద బాధితులకు ఆహారం పంచేవారినో, క్షతగాత్రులను ఆసుపత్రికి చేర్చేవారినో తలచుకుంటాడు. అదే మాట తెలంగాణ పల్లెలో వినిపిస్తే, తాత తండ్రుల నోట పాత కథలు విన్నవారి ముఖాలు ఇప్పటికీ మారిపోతాయి. ఇక ఢాకాలో ఒక మనిషిని ఎదుట నిలిచి ఆ మాట అనడం దేశద్రోహి అని నిందించడంతో సమానం. దేశాలు మూడు, మాట ఒక్కటే.

పుట్టుకలో ఈ మాటకు ఏ దోషమూ లేదు. అరబ్బీలో 'రజా' అంటే సమ్మతి, ఇష్టం. పారసీకంలో 'కార్' అంటే చేసేవాడు. మన కళాకారునిలోని 'కార'కు ఇది దూరపు బంధువు. ఎవరి బలవంతమూ లేకుండా, తన ఇష్టంతో పనికి పూనుకొనేవాడు రజాకార్. తెలుగులో స్వచ్ఛంద సేవకుడు అంటాము. ఇంత సాధువైన పదం సరిహద్దు దాటితే తిట్టుగా ఎలా మారిందో తెలుసుకోవాలంటే హైదరాబాదు నుండే మొదలు పెట్టాలి.

నిజాం రాజ్యంలో 1927లో ఏర్పడిన మజ్లిస్-ఎ-ఇత్తెహాదుల్ ముస్లిమీన్‌కు 1946లో లాతూరు న్యాయవాది కాశిం రజ్వీ అధ్యక్షుడయ్యాడు. ఆ సంస్థ స్వచ్ఛంద దళానికే రజాకార్లని పేరు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చినా నిజాం భారత యూనియన్‌లో చేరక బిగిసి కూర్చున్న ఆ పదమూడు నెలలలో రజ్వీ ఈ దళాన్ని విపరీతంగా పెంచాడు. ఆయుధాలు ధరించిన ఆ సేవకులు పల్లెల మీద పడ్డారు. ధాన్యం దోచుకొన్నారు, ఇళ్ళు తగులబెట్టారు, ప్రాణాలు తీశారు. 1948 ఆగస్టులో బైరాన్‌పల్లిలో జరిగిన మారణకాండను ఆ ప్రాంతం నేటికీ మరచిపోలేదు. యూనియన్‌లో చేరడమే హైదరాబాదుకు మేలని వ్రాసిన 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను అదే నెలలో నగరం నడివీధిలో హత్య చేశారు. ఆయన ముస్లిం, ఆయన పత్రిక ఉర్దూ పత్రిక. 'రజా' అన్న మాటకు ఇష్టమని అర్థం చెప్పుకొన్న భాషలోనే తన ఇష్టాన్ని వ్రాసినందుకు ఆయన మరణించాడు.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు రాజ్యంలో ప్రవేశించింది. ముందు నడిపినవాడు మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి. ట్యాంకులు వచ్చాయి, విమానాలు వచ్చాయి. సైనికులు తమలో తాము పెట్టుకొన్న పేరు 'ఆపరేషన్ పోలో'. దేశానికి చెప్పిన పేరు మాత్రం 'పోలీసు చర్య'. అప్పటికే నిజాం ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి ఫిర్యాదు చేసి ఉంది. యుద్ధమంటే అది రెండు రాజ్యాల తగాదా అవుతుంది. పోలీసు చర్య అంటే ఇంటి గొడవ. ఆ మాట ఎంత బాగా అతుక్కొన్నదంటే, హైదరాబాదు పెద్దలు తమ పెళ్ళిళ్ళనూ పిల్లల పుట్టుకలనూ 'పోలీస్ యాక్షన్‌కు ముందు, తరువాత' అని లెక్కించడం అలవాటు చేసుకొన్నారు.

సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయాడు. రజాకార్ల కథ అక్కడితో ముగిసింది గాని, ఆ మాట కథ ముగియలేదు. ఆ తరువాతి వారాలలో, ముఖ్యంగా ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలలో, 'రజాకార్' అన్నది ఒక దళంలోని సభ్యుణ్ణి సూచించడం మాని ముస్లిం అయిన ప్రతివాణ్ణీ సూచించసాగింది. తుపాకి ముట్టనివారు కూడా ఆ పేరు మీద హతులయ్యారు. పరిస్థితిని చూచి రమ్మని కేంద్రం పంపిన పండిత సుందర్‌లాల్ సంఘం, ఎంత తగ్గించి లెక్కవేసినా ఇరవైయేడు వేల నుండి నలభై వేల మంది మరణించి ఉంటారని వ్రాసింది. ఆ నివేదిక దశాబ్దాల తరబడి వెలుగు చూడలేదు.

ఇక ఆ సెప్టెంబరు 17ను ఏమని పిలవాలన్న విషయంలో ఈనాటికీ అంగీకారం కుదరలేదు. ఒకరికది విమోచన దినం, మరొకరికి విలీన దినం. 2022లో కేంద్ర ప్రభుత్వం విమోచన దినంగా జరిపితే, అదే నగరంలో రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినంగా జరిపింది. ప్రభుత్వం మారాక 2024లో అది ప్రజాపాలన దినోత్సవమయింది. తేదీ మాత్రం కదలలేదు.

చెరసాల నుండి 1957లో విడుదలైన కాశిం రజ్వీ పాకిస్తాన్ వెళ్ళి, 1970లో కరాచీలో మరణించాడు. మరుసటి సంవత్సరమే, ఆయన ప్రమేయమేమీ లేకుండా, ఆ మాట ఎంతో దూరాన తూర్పు పాకిస్తాన్‌లో మళ్ళీ ఆయుధం పట్టింది. అక్కడ బెంగాలీల తిరుగుబాటును అణచడానికి దిగిన సైన్యానికి ఊళ్ళు తెలియవు, భాష రాదు. దారి చూపడానికి, వంతెనలకు కాపలా కాయడానికి, ఫలానా ఇంటిలో ఫలానావాడున్నాడని చెప్పడానికి స్థానికులు కావాలి. గవర్నరు టిక్కాఖాన్ ఒక ఆర్డినెన్సు ద్వారా, 1948 నుండి ఉన్న 'అన్సార్' దళాన్ని రద్దు చేసి, దాని స్థానంలో రజాకార్ దళాన్ని ఏర్పరచాడు. అన్సార్ అన్నా అరబ్బీలో సహాయకులనే అర్థం. బంగ్లాదేశ్ అవతరించిన తరువాత అన్సార్ దళం మళ్ళీ లేచి నిలిచింది. ఇప్పుడూ ఆ పేరుతోనే అక్కడ పని చేస్తున్నది. రజాకార్ అన్న పేరును మాత్రం ఎవరూ తాకలేదు. నిఘంటువులో ఇరుగుపొరుగున ఉండదగిన రెండు మాటలలో ఒకటి బ్రతికి బట్టకట్టింది, రెండవది మసి పూసుకొన్నది. ఇందులో నిఘంటువు చేయగలిగిందేమున్నది?

సైనిక పాలకుల కాలంలో ఆ మాటను ప్రభుత్వ టెలివిజన్‌లో పలకడానికి కూడా జంకేవారు. 1988లో హుమాయూన్ అహ్మద్ 'బహుబ్రీహి' అనే హాస్య ధారావాహికలో దానికొక ఉపాయం కనిపెట్టాడు. మనిషి అనలేనిదానిని చిలుక చేత అనిపించాడు. నువ్వు రజాకార్‌వంటూ చిలుక అరవగానే దేశం నవ్వింది, ఆ మాట వీధిలోకి వచ్చింది. 2013లో యుద్ధ నేరస్థుడు అబ్దుల్ ఖాదిర్ మొల్లాకు మరణశిక్ష వేయలేదని ఆగ్రహించి ఢాకాలోని షాబాగ్ కూడలిలో లక్షలాదిగా గుమికూడిన యువకులు ఆ చిలుక పలుకునే నినాదం చేసుకొన్నారు. అంతవరకు ఆ మాటకు గురి ఉన్నది. ఆ తరువాత పాలకపక్షం వారు తమకు గిట్టనివారి మీదికెల్లా దానిని విసరసాగారు. ప్రశ్నించినవాడు రజాకార్, ఊరేగింపు తీసినవాడు రజాకార్. 1971 నాటికి పుట్టనివాడు కూడా రజాకారే.

2024 జూలై 14న అది బెడిసికొట్టింది. ప్రభుత్వోద్యోగాలలో స్వాతంత్ర్య యోధుల వారసులకున్న ముప్పై శాతం కోటాకు వ్యతిరేకంగా విద్యార్థులు ఉద్యమిస్తున్న సమయమది. యోధుల మనుమలకు కాకపోతే ఉద్యోగాలు రజాకార్ల మనుమలకు దక్కాలా అని ప్రధాని షేక్ హసీనా విలేఖరుల సమావేశంలో ప్రశ్నించారు. ఆ రాత్రి ఢాకా విశ్వవిద్యాలయం వసతి గృహాల నుండి విద్యార్థినులూ విద్యార్థులూ వీధిలోకి వచ్చి, 'నువ్వెవరు? నేనెవరు? రజాకార్, రజాకార్!' అని నినదించారు. స్వాతంత్ర్యోద్యమ కాలంలో అదే ప్రశ్నకు జవాబు 'బెంగాలీ, బెంగాలీ' అని ఉండేది. కొందరు పెద్దలు ఆ నినాదం విని నిజంగానే నొచ్చుకొన్నారు. వారి ఇళ్ళలో 1971 మృతులున్నారు. కాని అన్న మాట ఎవరిదో కూడా విద్యార్థులు వెంటనే జోడించారు: అన్నది నియంత అని. హక్కు అడిగితే రజాకార్లమైపోయామని మరొక నినాదం పుట్టింది. తరువాత తూటాలు పేలాయి. జూలై ఒకటి నుండి ఆగస్టు పదిహేను వరకు పధ్నాలుగు వందల మంది దాకా మరణించి ఉండవచ్చునని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం అంచనా. ఆగస్టు 5న హసీనా దేశం విడిచి వెళ్ళారు. ఒక్క మాట ప్రభుత్వాన్ని కూల్చిందనడం అతిశయోక్తి. అయితే ఉద్యోగాల తగవుగా ఉన్నది మానావమానాల తగవుగా మారినది ఆ రాత్రే.

ఈ పదానికి ఇంగ్లీషు సమానార్థకమైన 'వాలంటీరు'కు ఆంధ్రప్రదేశ్‌లో పట్టిన గతి ఇంత ఘోరమైనది కాదు. పోల్చడం న్యాయమూ కాదు. అయినా ముచ్చటించదగినది. 2019లో ప్రభుత్వం గ్రామ వాలంటీర్లను నియమించి, నెలకు అయిదు వేల రూపాయల గౌరవ వేతనమిచ్చింది. ఇంటికి పింఛను తెచ్చి ఇచ్చేవాడు వాలంటీరు. అతడు పార్టీ మనిషని ప్రతిపక్షం ఆరోపించింది. 2024 ఎన్నికల వేళ ఎన్నికల సంఘం పింఛనుల పంపిణీ నుండి వారిని తప్పించింది. జీతం లేకుండా ఇష్టంతో పని చేసేవాడన్న అర్థం ఆ అయిదేళ్ళలో ఎక్కడికి పోయిందో ఎవరూ వెదకలేదు.

వీటన్నిటి భారమూ చివరకు అనువాదకుని బల్ల మీద పడుతుంది. లాహోరు పత్రికలో వరద వార్త ఉన్నది. రజాకార్లు పడవలలో మందులు చేరవేశారని ఒక వాక్యం. 'రజాకార్' తెలుగులో లేని మాట కాదు. ఎనభై ఏళ్ళుగా ఉన్నదే. ఉన్నది కాబట్టే వాడడానికి వీలులేదు. అతడు దానిని కొట్టివేసి 'స్వచ్ఛంద సేవకులు' అని వ్రాస్తాడు. ఢాకాలో అదే వార్తను బెంగాలీలోకి మార్చేవాడు వ్రాసేది 'స్వేచ్ఛాసేవక్' అని.