భయం పట్టిన చేతికి బంతి లొంగదు
గోల్ఫ్‌లో పెద్ద దెబ్బ వెనుక ఉన్న కిటుకు

సికింద్రాబాద్: కంటోన్మెంట్ దారుల్లో వచ్చిపోయే చుట్టుపక్కల గ్రామాల వారికి గోల్ఫ్ ఆట కనబడటం కొత్త కాదు. కంచెకు అవతల పచ్చగడ్డి, ఆటగాడి చేతిలో పొడవాటి కర్ర, నేల మీద నిమ్మకాయంత తెల్లని బంతి. ఒకాయన కర్రను భుజం మీదుగా వెనక్కి తీసి ఒక్క ఊపు ఊపుతాడు. బంతి కంటికి ఆనకుండా పోతుంది. మరోసారి అదే మనిషి, అదే కర్రతో కొడితే బంతి పది గజాలు దాటదు. లేదా కుడిచేతి పక్క పొదల్లోకి పోతుంది. బలం చాలకనా? కాదంటారు ఆట తెలిసినవారు. చాలాసార్లు అసలు కారణం భయం.

దండుతో వచ్చిన ఆట

మూడవ నిజాం సికందర్ జా పేరు మీద 1806లో ఏర్పడిన సికింద్రాబాద్ మొదటినుంచీ దండు ఊరే. బ్రిటిష్ వారి వెంట మన దేశానికి వచ్చిన ఆటల్లో గోల్ఫ్ ఒకటి. కలకత్తాలో 1829లోనే గోల్ఫ్ క్లబ్బు వెలిసింది. బ్రిటిష్ దీవుల వెలుపల అంతకన్నా పాత క్లబ్బు లేదు. సికింద్రాబాద్‌లో ఈ ఆట ఇప్పటికీ సైనిక భూముల్లో సాగుతోంది. అక్కడ అందరికీ ప్రవేశం ఉండదు. హైదరాబాద్‌లో గోల్కొండ నయాఖిలా వద్ద మరో మైదానం ఉంది.

ఆట సూత్రం తేలికే. బంతిని కర్రతో కొట్టుకుంటూ పోయి, నాలుగుంబావు అంగుళాల వెడల్పు గల గుంతలో వేయాలి. పూర్తి ఆటకు 18 గుంతలు. ఎవరు తక్కువ దెబ్బల్లో పూర్తి చేస్తే వారిదే గెలుపు. ఒక ఆటగాడు 14 కర్రలకు మించి తీసుకువెళ్ళకూడదు. వాటిలో అన్నిటికన్నా పొడుగైనది, బంతిని అన్నిటికన్నా దూరం పంపేది డ్రైవర్. ఆటగాళ్ళు ఎక్కువగా భయపడేది కూడా దానికే.

కర్ర పొడుగు, తప్పు పెద్దది

డ్రైవర్ పొడవు సాధారణంగా 45 అంగుళాలు, అంటే నాలుగడుగులకు మూడంగుళాలు తక్కువ. ఒకప్పుడు దీని తలను గట్టి చెక్కతో చేసేవారు. ఇప్పుడు టైటానియం లోహంతో, లోపల డొల్లగా చేస్తున్నారు. బంతి బరువు సుమారు 46 గ్రాములు. పేరుమోసిన ఆటగాళ్ళు కొడితే కర్ర తల గంటకు 180 కిలోమీటర్ల వేగంతో వస్తుంది. బంతి దాదాపు 300 గజాలు పోతుంది.

కర్ర పొడుగు కాబట్టి చేతి దగ్గర వెంట్రుకవాసి తేడా వచ్చినా కర్ర కొసన అది పెద్దదవుతుంది. ఆ తేడా బంతి చేరే చోట ఎన్నో గజాలవుతుంది. ఈ సంగతి తెలిసినవాడికి గుండెలో గుబులు మొదలవుతుంది. గుబులు పుట్టగానే పిడికిలి బిగుస్తుంది, మోచేతులు కొయ్యబారతాయి. బంతి దగ్గరకు వచ్చేసరికి, ఎక్కడికి పోతుందోనని కర్రను కాస్త ఆపుతాడు. ఆపడం వల్ల కర్ర ముఖం సమయానికి తిన్నగా తిరగదు. కుడిచేతి వాటం వాడైతే కర్ర ముఖం కుడికి తెరుచుకునే ఉంటుంది. బంతి పక్కకు సుడి తిరుగుతూ కుడికి వంగిపోతుంది. జాగ్రత్త కోసం చేసిన పనే ముప్పు తెచ్చిందన్నమాట.

ఇక్కడ గమనించవలసిన లెక్క ఒకటుంది. కర్రకూ బంతికీ తగులుడు ఉండేది సెకనులో సుమారు రెండువేలవ వంతు. అంత తక్కువ సమయంలో మనిషి బుర్ర ఏమీ దిద్దలేదు. దిద్దుకోవలసినదంతా ఊపు మొదలుపెట్టక ముందే దిద్దుకోవాలి. మొదలుపెట్టాక చేతిని నమ్మడం ఒక్కటే మిగులుతుంది. విత్తనం వేశాక మొలిచిందో లేదోనని గంటకోసారి మట్టి తవ్వి చూసే రైతు ఉండడు కదా!

పల్లె చేతికి తెలిసిన విద్యే

చిర్రగోనె ఆడినవారికి ఇందులో సగం విద్య ముందే వచ్చు. కోస్తా వైపు దానినే బిళ్ళంగోడు అంటారు. గాలిలోకి లేచిన పుల్లను కొట్టేటప్పుడు ఏ పిల్లవాడూ చేతిని మధ్యలో ఆపడు. ఆపితే పుల్ల కాళ్ళ దగ్గరే పడుతుందని వాడికి తెలుసు. గొడ్డలితో కట్టెలు కొట్టేవారు కూడా పిడిని బిగించి పట్టరు. నడుము కదలికలోనుంచి బలం తీసుకుని గొడ్డలి బరువుకే పని అప్పగిస్తారు. డ్రైవర్‌తో కొట్టడం కూడా అలాంటిదే.

కుడిచేతి వాటం వారు పాటించే పద్ధతి ఇదీ:

నిలబడటం: పాదాల మధ్య ఎడం భుజాల వెడల్పుకన్నా కాస్త ఎక్కువ ఉండాలి. బంతి ఎడమ మడమకు ఎదురుగా ఉండాలి. దానిని టీ అనే చిన్న మేకు మీద నిలబెడతారు. నేల మీద పెట్టిన కర్ర తలకన్నా బంతి సగం పైకి కనిపిస్తే ఎత్తు సరిపోయినట్లే. కర్ర కిందినుంచి పైకి లేస్తూ బంతిని తాకడానికే ఈ ఏర్పాటు.

పట్టు: పాలు పితికే చేతికి ఉండే పట్టు చాలు. జారకూడదు, నొప్పి పుట్టకూడదు. పిడికిలి బిగిస్తే మణికట్టు ఆడదు. మణికట్టు ఆడకపోతే వేగం రాదు.

వెనక్కి తీయడం: తొందర పనికిరాదు. చేతులు ఒక్కటే కాదు, భుజాలు, నడుము కలిసి తిరగాలి. గొప్ప ఆటగాళ్ళు కర్రను వెనక్కి తీయడానికి పట్టే సమయం, కిందికి దించడానికి పట్టే సమయానికి దాదాపు మూడింతలు ఉంటుంది.

దించడం: ముందు ఒంటి బరువు ఎడమకాలి మీదకు రావాలి. తరువాత నడుము తిరగాలి. చేతులు, కర్ర వాటి వెనకే వస్తాయి. చేతులు ముందు పరుగెత్తితే ఊపు చెడుతుంది.

ముగించడం: బంతి తగిలిన చోట కర్రను ఆపకూడదు. ఛాతీ బంతి పోయిన దిక్కుకు తిరిగి, కర్ర ఎడమ భుజం మీదుగా వీపు వెనక్కి వెళ్ళేదాకా ఊపు సాగాలి. చివర తూలకుండా నిలబడగలిగితే ఊపు కుదిరినట్లే.

ధైర్యం కూడా అభ్యాసంతోనే వస్తుంది. కొట్టే ముందు దూరాన ఒక చెట్టునో స్తంభాన్నో గురి పెట్టుకోవాలి. ఒకటి రెండుసార్లు ఖాళీగా ఊపి చూసుకోవాలి. ఊపిరి వదిలి, ఇక ఆలోచించకుండా కొట్టాలి. "అటు పోకూడదు" అనుకునేవాడి కన్ను అటే పోతుంది. "ఇటు పోవాలి" అనుకున్నవాడికి దారి కనిపిస్తుంది.

అలాగని ప్రతిచోటా డ్రైవర్ పట్టుకోవడం ధైర్యం కాదు, మొండితనం. దారి ఇరుకైనా, ముందు నీటి మడుగు ఉన్నా పొట్టికర్ర తీసుకోవడమే తెలివి. ఏ కర్ర తీసుకోవాలో ముందు ఆలోచించాలి. తీసుకున్నాక అనుమానం పనికిరాదు.

తెలుగింటి బిడ్డ పాఠం

ఈ మాటకు మంచి ఉదాహరణ సాహిత్ తీగల. తల్లిదండ్రులు మురళీధర్, కరుణ హైదరాబాద్ వారు. తండ్రి పై చదువుల కోసం 1987లో అమెరికా వెళ్ళారు. సాహిత్ 1997లో కాలిఫోర్నియాలో పుట్టాడు. వెన్నెముక పక్కకు వంగి ఉండే లోపం అతనికి ఉంది. అందుచేత అతని ఊపు పుస్తకాల్లోని బొమ్మలా ఉండదు. తన ఒంటికి కుదిరిన ఊపునే నమ్ముకుని ఆడుతున్నాడు. కాలేజీ ఆటగాడిగా 2020లో అమెరికాలోని ముఖ్యమైన అవార్డులు అందుకున్నాడు.

2022 ఫిబ్రవరిలో ఫీనిక్స్ ఓపెన్ పోటీ జరిగింది. చివరి రోజు 17వ గుంత వద్దకు వచ్చేసరికి సాహిత్ గెలుపు అంచున ఉన్నాడు. డ్రైవర్ తీసి ధైర్యంగా కొట్టాడు. బంతి నేల మీద పడి ఎడమకు గెంతి నీళ్ళలో పడింది. ఒకే ఒక్క దెబ్బ తేడాతో టైబ్రేక్‌లో ఆడే అవకాశం పోయింది. మూడవ స్థానాన్ని ఇతరులతో పంచుకున్నాడు. ఇంటివారిని పట్టుకుని కన్నీళ్ళు పెట్టుకున్నాడు.

అలాంటి దెబ్బ తిన్నాక చాలామంది చేయి వణుకుతుంది. సాహిత్ ఊపు మాత్రం బిగుసుకోలేదు. 2023 సెప్టెంబరులో ఫార్టినెట్ చాంపియన్‌షిప్‌ను రెండు దెబ్బల ఆధిక్యంతో గెలిచాడు. అమెరికా ప్రధాన టూర్‌లో అది అతని మొదటి విజయం. 2024లో ప్రెసిడెంట్స్ కప్‌లో అమెరికా జట్టు తరఫున ఆడాడు.

కంచె దాటినవారు

ఇది డబ్బున్నవారి ఆట అన్న మాటలో నిజం ఉంది. పేరున్న కంపెనీ డ్రైవర్ ఒక్కటే వేల రూపాయలు. క్లబ్బు సభ్యత్వం సామాన్యుడికి అందదు. కానీ ఆటగాళ్ళ సంచులు మోసే క్యాడీలు, గడ్డి కోసే కూలీల ఇళ్ళనుంచి కూడా విజేతలు వచ్చారు. ఢిల్లీలో క్యాడీగా పనిచేసిన అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. ఆ పోటీ గెలిచిన మొదటి భారతీయ ప్రొఫెషనల్ అతనే. 1993లో మళ్ళీ గెలిచాడు. కలకత్తా క్లబ్బులో మైదానం పనిచూసే ఉద్యోగి కొడుకు ఎస్.ఎస్.పి. చౌరాసియా 2016, 2017లలో వరుసగా అదే పోటీ నెగ్గాడు. చౌరాసియా పొట్టివాడు, బంతిని చాలా దూరం కొట్టగలవాడు కాదు. గురి, నిబ్బరం అతని బలం.

వీరికి దొరికిన అవకాశం ఒక్కటే: మైదానం లోపల తిరగనివ్వడం. ఖాళీ వేళల్లో పాత కర్రతో నాలుగు బంతులు కొట్టి చూసుకోవడం. సికింద్రాబాద్ చుట్టుపక్కల ఊళ్ళలో చిర్రగోనె ఆడే చేతులకు కొదవలేదు. వారానికి ఒక పూట బడిపిల్లలను లోపలికి రానిచ్చి, పాత కర్రలిచ్చి, నేర్పేవారిని ఒకరిని పెడితే పెద్ద ఖర్చు కాదు. పిల్లలు ఊపేటప్పుడు దగ్గరలో ఎవరూ నిలబడకుండా చూడటం మాత్రం తప్పనిసరి. గట్టి బంతి, లోహపు కర్ర రెండూ ప్రమాదమే.

క్లబ్బుల పెద్దలు, క్రీడాధికారులు ఈ దిశగా ఆలోచించవలసి ఉంది. భయం లేకుండా ఊపడం ఎలాగో పల్లె పిల్లవాడికి చెప్పనక్కరలేదు. ఊపడానికి చోటు చూపిస్తే చాలు.