ఉబ్బసపు బిడ్డయు, ఊపిరియంత్రమును

ఉబ్బసమనిన మన విశాఖపట్టణపు తల్లులకు వేరుగా చెప్పనక్కరలేదు. రేవులో బొగ్గును, ఇనుపఖనిజమును ఎత్తి దింపునప్పుడు లేచు ధూళి, వంటింటి పొగ, చిన్న జలుబు - ఏదైనను దానిని రేపగలదు. పిల్లలలో పెక్కుమంది పీల్చుమందుతో తేరుకొందురు. ఏ మందులకును లొంగని కొద్దిమందికి మాత్రము గొంతులో గొట్టముంచి, వెంటిలేటరు అను యంత్రముచేత ఊపిరి ఆడింపవలసివచ్చును. ఆ గది వెలుపల కూర్చున్న తల్లిదండ్రులకు లోపల జరుగునది తెలియదు. దానిని కొంత వివరింపవలెనని మా ఉద్దేశము.

ఉబ్బసమున కష్టము గాలి లోనికి పోవుటలోకన్న వెలికి వచ్చుటలోనే ఎక్కువ. మన లోపలి రేవునకు యారాడకొండ ప్రక్కనున్న ఇరుకైన కాలువయే దారి. లోనున్న ఓడలు వెడలకముందే కొత్త ఓడలను రానిచ్చినచో రేవు క్రిక్కిరిసిపోవును. ముడుచుకొనిన శ్వాసనాళముల వెనుక ఊపిరితిత్తుల గతియు అదియే. పాతగాలి పోకముందే కొత్తగాలి చేరి, రొమ్ము ఉబ్బి, గుండెకు రక్తము తిరిగివచ్చు దారిని అదిమివేయును.

కనుక ఇచట యంత్రమును తొందరపెట్టరాదు. రక్తములోని బొగ్గుపులుసు వాయువును వెంటనే మామూలు స్థితికి దింపవలెనని బలముగా గాలి కొట్టినచో ఊపిరితిత్తి చిట్లవచ్చును. ఆ వాయువు కొంత హెచ్చుగా ఉన్నను ఓర్చుకొని, నిదానముగా ఊపిరి ఇచ్చుట మేలని స్విట్జర్లండు వైద్యులు దారియోలి, పెరే 1984లో ప్రకటించిరి. 34 పర్యాయములు అట్లు చేయగా ఒక్క రోగియు మరణింపలేదు. నేడు పిల్లలకును ఇదియే మార్గము. బిడ్డ బరువులో కిలోకు సుమారు 6 నుండి 8 మిల్లీలీటర్ల గాలి. నిమిషమునకు తక్కువ ఊపిరులు. విడుచుటకు దీర్ఘమైన వ్యవధి.

వైద్యులు, నర్సులు కనిపెట్టి చూచునవి ముఖ్యముగా మూడు. మొదటిది, తెరపై గాలి వెడలు గీత. మరుసటి ఊపిరికి ముందు అది సున్నను చేరనిచో గాలి లోన చిక్కినదని అర్థము. రెండవది, ఊపిరి నిండిన పిదప క్షణకాలము ఆపి చూచు ఒత్తిడి. దీనిని నీటిమట్టములో 30 సెంటీమీటర్లకు మించనీయరు. గాలి పోవునప్పటి ఒత్తిడి ఎంత హెచ్చినను, ఇది తక్కువగా ఉన్నచో దోషము నాళములలోనిదే. మూడవది, విడిచిన గాలిలోని బొగ్గుపులుసు వాయువు గీత. ఉబ్బసమున అది సొరచేప రెక్కవలె వాలియుండును. మందు పనిచేసిన కొలది నిటారగును.

రక్తపుపోటు హఠాత్తుగా పడిపోయినచో వైద్యుడు మొదట గొట్టమును యంత్రమునుండి విడదీసి, చిక్కిన గాలిని పోనిచ్చును. అప్పటికిని కోలుకొననిచో ఊపిరితిత్తి చిట్లినదేమోయని చూచును.

ఇక ఇంటివారికి ఒక్క మాట. పిల్లికూతలు ఆగినంతమాత్రమున ఉబ్బసము తగ్గినదని నమ్మరాదు. బిడ్డ మాటాడలేక, మగతగా, పెదవులు నీలముగా ఉండి రొమ్ము నిశ్శబ్దమైనచో, అది గాలియే ఆడకపోవుటవలన కలిగిన నిశ్శబ్దము. తెల్లవారువరకు ఆగక, పీల్చుమందు ఇచ్చుచునే, 1923 నుండి ఉత్తరాంధ్రకు దిక్కైయున్న కింగ్ జార్జి ఆసుపత్రికిగాని, దగ్గరనున్న మరొక పెద్ద ఆసుపత్రికిగాని తక్షణమే చేర్పవలెను. వేళకు చేరిన బిడ్డలలో ఎక్కువమందికి ఆ యంత్రముతో పనియే ఉండదు.