కబాబ్‌లో ఫుడ్ కలర్ వేస్తే నేరమా?

2024 జూన్‌లో కర్ణాటక ప్రభుత్వం చికెన్, చేప కబాబ్‌లలో కృత్రిమ రంగులు నిషేధించింది. పరీక్షించిన 39 నమూనాల్లో 8 సురక్షితం కాదని తేలింది. వాటిలో దొరికినవి సన్‌సెట్ ఎల్లో, కార్మోయిసిన్. ఈ రెండూ మన దేశంలో అనుమతి ఉన్న 8 కృత్రిమ రంగుల్లోవే. మరి తప్పేంటి?

ఆ అనుమతి మిఠాయిలు, ఐస్‌క్రీమ్ లాంటి కొన్నింటికే, అదీ పరిమితి లోపలే. కబాబ్‌కు లేదు. అదే ఏడాది మార్చిలో పీచుమిఠాయిలో పట్టుబడిన రోడమైన్-బి అయితే బట్టల రంగు, ఏ తిండిలోనూ వాడకూడదు.

రూల్ కేంద్రానిది, కాబట్టి తెలుగు రాష్ట్రాల్లోనూ ఇంతే. డబ్బాపై 'ఫుడ్ కలర్' అని ఉన్నంత మాత్రాన కబాబ్‌లో వేయొచ్చని కాదు. దావత్‌కు సామాన్ల లిస్టు రాయించేటప్పుడే వంట మాస్టర్‌కు చెప్పేయండి: రంగు వద్దు భాయ్, కశ్మీరీ మిర్చి చాలు.