నలుగుడు గాయాలు – నర్సింగ్ పరిశీలన
ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణాన్ని ఆనుకొని ఉన్న తార్నాకలో ఆర్టీసీ ఉద్యోగుల ఆసుపత్రి ఉంది. వాహనాల మధ్య పనిచేసే శ్రామికులకు నలుగుడు గాయాల ముప్పు వృత్తిలోనే పొంచి ఉంటుంది. 1941లో లండన్ బాంబుదాడుల క్షతగాత్రులను పరిశీలించిన బైవాటర్స్, నలిగిన కండరానికీ మూత్రపిండాల వైఫల్యానికీ గల సంబంధాన్ని వివరించాడు. ఒత్తిడి తొలగగానే కండరాల నుండి పొటాషియం, మయోగ్లోబిన్ రక్తంలో చేరతాయి. మొదటిది గుండె లయను, రెండవది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. అందువల్ల మూత్ర పరిమాణాన్ని గంటగంటకూ నమోదు చేయడం, ముదురు గోధుమరంగు కనిపిస్తే వెంటనే వైద్యునికి తెలపడం నర్సు ప్రధాన బాధ్యతలు. ఎముక విరిగిన అవయవంలో నాడి అందుతున్నంత మాత్రాన ప్రమాదం లేదనుకోరాదు. వేళ్లను కదిలించినప్పుడు గాయానికి మించిన నొప్పి కలగడం కండర కోష్ఠంలో పీడనం పెరుగుతోందనడానికి తొలి సూచన కావచ్చు. కనుక రోగి బాధను ఫిర్యాదుగా గాక లక్షణంగా స్వీకరించాలి.