బ్లాక్‌బెర్రీ.. కుండీలోనా? నేలలోనా?

‘‘డాక్టరు గారూ, బ్లాక్‌బెర్రీని కుండీలో ఉంచితే మంచిదా, నేలలో నాటితే మంచిదా?’’

షుగర్ మాత్రల కోసం నెలనెలా మా ఓపీకి వచ్చే ఒక రిటైర్డ్ మాస్టారు రెండేళ్ల కిందట అడిగిన ప్రశ్న ఇది. నాకూ మొక్కల పిచ్చి ఉందని ఆయనకు తెలుసు. సియాటెల్‌లో కొడుకు దగ్గర కొన్ని నెలలు ఉండి వచ్చారు. అక్కడ ఆగస్టులో ఉదయం నడకకు వెళ్తే దారి పక్క పొదల నిండా నల్లటి పండ్లు. రోజూ కోసుకుని తిన్నారట. ‘షుగర్‌కు మంచిదంట’ అని ఎవరో చెప్పారు. తిరిగి రాగానే నర్సరీలో ఒక మొక్క కొని మిద్దె మీద కుండీలో పెట్టారు. ఏడాదిన్నర గడిచినా ఒక్క పువ్వూ లేదు.

కాపు రాకపోవడానికి కుండీ కారణం కాదని చెప్పాను. ఆ రోజు నేను ఆయన్ని అడగాల్సిన మాట ఇంకొకటి ఉంది. అడగలేదు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

బ్లాక్‌బెర్రీ చలి ప్రాంతాల మొక్క. శీతాకాలంలో 7 డిగ్రీలకు లోపు చలి కొన్ని వందల గంటలు తగిలితేనే చాలా రకాలు సరిగ్గా పూస్తాయి. తక్కువ చలి చాలనుకునే రకాలకు కూడా ఎంతో కొంత చలి కావాలి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అంత చలి ఎక్కడిది? స్ట్రాబెర్రీలు పండిస్తున్న లంబసింగి లాంటి చోట ప్రయత్నిస్తే అది వేరే మాట. ఇంకో పొరపాటు కత్తిరింపుల్లో జరుగుతుంది. చాలా రకాల్లో ఈ ఏడాది లేచిన కొమ్మ వచ్చే ఏడాది కాసి, ఆ తర్వాత ఎండిపోతుంది. గుబురుగా ఉందని ఏటా అన్నీ కత్తిరించేస్తే పండ్లు కాయాల్సిన కొమ్మలు పోయినట్టే.

అసలు మీరు కొన్నది బ్లాక్‌బెర్రీయేనా అన్నదీ చూసుకోండి. మల్బరీని ఆ పేరుతో అంటగట్టేవాళ్లున్నారు. నేరేడును ‘ఇండియన్ బ్లాక్‌బెర్రీ’ అంటారు కాబట్టి ఆ గందరగోళం ఒకటి. బ్లాక్‌బెర్రీకి ఒక్కో ఆకు మూడు నుంచి అయిదు చిన్న ఆకులుగా విడి ఉంటుంది. మల్బరీ, నేరేడు చెట్లవుతాయి, వాటికి ముళ్లుండవు.

అమెరికాలో ఉన్న మన పిల్లల పెరళ్లకు మాత్రం మాస్టారి ప్రశ్న సరిగ్గా సరిపోతుంది. సియాటెల్ దారుల పక్కన ఎక్కువగా కనిపించేది ‘హిమాలయన్ బ్లాక్‌బెర్రీ’. పేరులోనే హిమాలయం, నిజానికి ఆర్మేనియా, ఇరాన్ వైపు మొక్క. 1885లో లూథర్ బర్బాంక్ అనే మొక్కల నిపుణుడు దాన్ని అమెరికాలో ప్రవేశపెట్టాడు. వంగిన కొమ్మ చివర నేలను తాకితే చాలు, అక్కడ వేరూనుతుంది. ఇప్పుడక్కడ అది పెద్ద కలుపు మొక్క. కాబట్టి ముళ్లు లేని రకం తీసుకుని, అడుగున రంధ్రాలున్న 40, 50 లీటర్ల తొట్టిలో పెంచుకోవడం మేలు. చోటు బాగా ఉండి, ఏటా కత్తిరించే ఓపిక ఉంటే నేలలో వేసుకోవచ్చు. దారి పక్క పొదల మీద కలుపు మందు కొట్టే అవకాశం ఉంది కనుక మీరు వెళ్లినప్పుడు కనపడిందల్లా కోసి నోట్లో వేసుకోకండి.

పోషకాల మాటకొస్తే, వంద గ్రాముల బ్లాక్‌బెర్రీల్లో చక్కెర సుమారు 5 గ్రాములే, పీచు కూడా దాదాపు అంతే. షుగర్ ఉన్నవాళ్లకు నిజంగానే మంచి పండు. విటమిన్-సి 21 మిల్లీగ్రాములు. మన జామలో పీచు అంతే ఉంటుంది, విటమిన్-సి దానికి దాదాపు పది రెట్లు. జామ మన ఎండకు బెదరదు, పెద్ద తొట్టిలోనూ కాస్తుంది. ఏ పండు తిన్నా షుగర్ మాత్ర మాత్రం మానకూడదు. మాస్టారికి ఇదంతా చెప్పాను. ఆయన తలూపారు గానీ మనసు బ్లాక్‌బెర్రీ మీదే ఉంది.

ఇక డాక్టరుగా నాకు కావలసిన తేడా. కుండీ అంటే నీళ్లు, నేల అంటే పాదాలు.

వానాకాలంలో జ్వరంతో పిల్లల్ని తీసుకొచ్చే తల్లిదండ్రులను ‘ఇంటి దగ్గర నీళ్లు నిలుస్తున్నాయా’ అని అడిగితే ‘మా ఇల్లు చాలా శుభ్రమండీ’ అంటారు. నిజమే, ఇల్లు శుభ్రంగానే ఉంటుంది. కుండీల కింద ప్లేట్లుంటాయి! డెంగీని మోసే ఏడిస్ దోమకు మురికి కాలువ అక్కర్లేదు, ప్లేటులో నిలిచిన ఆ కాస్త నీరు చాలు. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. ఈ దోమ గుడ్లను నీటి అంచుకు కాస్త పైన, ప్లేటు గోడకు అంటిస్తుంది. నీళ్లు పారబోసి ఎండబెట్టినా అవి నెలల తరబడి బతికి ఉండి, మళ్లీ నీరు తగలగానే పొదుగుతాయి. కాబట్టి శుక్రవారం డ్రై డే అంటే నీళ్లు వంచేయడం ఒక్కటే కాదు, బ్రష్షుతో అంచుల్ని గట్టిగా రుద్ది కడగాలి. ప్లేట్లు తీసేసి కుండీల కింద ఇటుకలు పెడితే ఇంకా మంచిది. జ్వరం వచ్చిందంటే పారాసిటమాల్ తప్ప ఇతర నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోవద్దు. డెంగీలో జ్వరం తగ్గే రోజుల్లోనే ప్రమాదం ఎక్కువ. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి రండి.

మిద్దె తోటకు పాత బ్యాటరీ డబ్బాలు, పురుగుమందుల డబ్బాలు వాడేవాళ్లను చూశాను. తినే మొక్కకు అవి వద్దు. బ్యాటరీలో ఉండేది సీసం.

మాస్టారు నా మాట వినలేదు. ‘నేలలో వేస్తే బలం పుంజుకుంటుంది’ అని ఎవరో చెబితే తొలకరికి పెరట్లోకి మార్చారు. బలం పుంజుకుంది కూడా. సెప్టెంబరులో ఆయన భార్య వెంటబెట్టుకుని తీసుకొచ్చారు. కుడికాలి చిటికెన వేలు నల్లబడి ఉంది. హవాయి చెప్పులతో కలుపు తీస్తుంటే ఎండిన కొమ్మ ముల్లు దిగింది. ఆయనకు తెలియలేదు. పదిహేనేళ్ల షుగర్, పాదాల్లో స్పర్శ పోయింది. పది రోజుల తర్వాత దుర్వాసన వస్తోందని గమనించింది ఆవిడే. అప్పటికీ నాలుగు రోజులు పసుపు పెట్టి చూశారు. సర్జన్ ఆ వేలు తీసేయాల్సి వచ్చింది.

రెండేళ్ల కిందట నేను అడగని మాట అదే: ‘మాస్టారూ, ఒకసారి చెప్పులు విప్పండి.’

మీ ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లుంటే ఈ రోజే ఈ చిన్న పరీక్ష చేయండి. వాళ్లను కళ్లు మూసుకోమనండి. రెండు పాదాల బొటన వేలు, మధ్య వేలు, చిటికెన వేలు.. మొత్తం ఆరు చోట్ల మీ చూపుడు వేలి కొసతో ఒకటి, రెండు క్షణాలు తేలిగ్గా తాకండి. నొక్కకూడదు, రుద్దకూడదు. రెండు లేదా అంతకంటే ఎక్కువ చోట్ల తెలియలేదంటే స్పర్శ తగ్గినట్టే, డాక్టరుకు చూపించాలి. అలాంటివాళ్లు మట్టిలో దిగేటప్పుడు కాలి వేళ్లు పూర్తిగా మూసుకునే గట్టి బూట్లు, చేతులకు గ్లవ్స్ వేసుకోవాలి. వేసుకునే ముందు బూటును దులపాలి. పని అయ్యాక పాదాలు కడిగి, వేళ్ల సందులు తుడిచి, అరికాలు అద్దంలో చూసుకోవాలి.

వానాకాలం తడిమట్టిలో మెలియాయిడోసిస్ అనే జబ్బు కలిగించే బ్యాక్టీరియా ఉండొచ్చు. చిన్న గాయం లోంచి లోపలికి వెళ్తుంది. షుగర్ ఉన్నవాళ్లకే ఎక్కువగా వస్తుంది. క్షయలా కనిపించి తికమక పెడుతుంది. అందుకే జ్వరం తగ్గకపోతే, మట్టి పని చేశామన్న మాట డాక్టరుకు తప్పక చెప్పండి. మట్టి పడిన గాయమైతే, టీటీ వేయించుకుని అయిదేళ్లు దాటిందేమో చూసుకోండి. ఇప్పుడు దాని బదులు టీడీ టీకా ఇస్తున్నారు.

మాస్టారు పోయిన నెల వచ్చారు. ఈసారి నేను అడగకముందే బూట్లు విప్పి రెండు పాదాలూ ఎత్తి చూపించారు. బ్లాక్‌బెర్రీని పీకేశారా అని అడిగాను. లేదట. జామ మొక్కకు కంచెగా పనికొస్తుందని ఉంచారట.