పాములకు అజీర్ణము ఎందుచేత కలుగును?

వరిచేను గట్టుపై ఉబ్బిన పొట్టతో కదలక పడియున్న జెర్రిపోతును చూడని రైతు అరుదు. అది జబ్బుపడినది కాదు. ఎలుకను మింగి అరిగించుకొనుచున్నది. పిల్లి చొరలేని కన్నములోనికి దూరి ఎలుకను పట్టగల ఈ విషములేని పాము, చేనుకు జీతమడుగని కావలివాడు. దాని పొట్ట చెడినచో నష్టము మనదే.

పాము నమలదు. తన తలకంటె లావైన ఎలుకను సైతము మింగును. వెండ్రుకలు, గోళ్లు తప్ప ఎముకలతో సహా సమస్తమును జీర్ణరసములే కరిగింపవలెను. పశువులకు వలె పామునకు ఒంటిలో స్థిరమైన వేడి లేదు. ఎండ కాచుకొని వేడి తెచ్చుకొన్నప్పుడే ఆ రసములు చక్కగా పనిచేయును. చలి పట్టినచో పని మందగించి ఎలుక కడుపులోనే కుళ్లును. వాయువు చేరి పొట్ట ఉబ్బును. తుదకు కక్కివేయును. మరీ పెద్ద ఎలుకను మింగినను, కడుపులో పురుగులున్నను ఇట్లే జరుగవచ్చును.

మింగిన ఒకటి రెండు దినములలో కర్రతో పొడిచినను, పట్టి ఎత్తినను బెదరి కక్కును. పోవునది తిండి మాత్రమే కాదు. ఒంటిలోని నీరు, జీర్ణరసము కూడ పోవును. ఆ పులుపు రసము తగిలి గొంతు లోపలి పొర ఒరిసిపోవును. మాటిమాటికి కక్కిన పాము నీరసించి చచ్చును.

ఇక పాల సంగతి. నాగులచవితినాడు బుట్టలోని త్రాచు పాలు త్రాగుట చూచి, అది దాని ఇష్టాహారమని పలువురు నమ్ముదురు. పాము పిల్లలకు పాలిచ్చు జాతి కాదు. పాలు దానికి సరిపడవు. పండుగకు ముందు అనేక దినములు నీరు చూపక ఎండగట్టిన పాము, దాహముచేత దొరికినదెల్ల త్రాగును. ఆ పాలు అరుగక కడుపు చెడును; ఊపిరితిత్తులలోనికి పోయినచో ప్రాణమే పోవచ్చును. పూజ మానుమని మేము చెప్పుట లేదు. రాతి నాగప్రతిమకు పాలు పోసినను మొక్కు తీరును గదా! 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము త్రాచు, జెర్రిపోతు వంటి పాములను పట్టుట, చంపుట, బుట్టలో ఉంచుకొనుట నేరము. పాములబుట్టలు ఊరిలోనికి వచ్చినపుడు గ్రామాధికారులు అటవీశాఖకు తెలుపవలెను.

పొట్ట ఉబ్బిన పాము గట్టుపై గాని గడ్డివామిలో గాని కనిపించినచో పిల్లలను, కుక్కలను దూరముగా ఉంచి, ఆ మూల పని రెండు మూడు దినములు ఆపవలెను. అరుగుదల కాగానే అదే తొలగిపోవును. ఇంటిలో జొరబడినచో అటవీశాఖకు కబురు చేయవలెను. త్రాచును జెర్రిపోతని పొరపడుట మామూలే; కనుక ఏ పామునైనను చేతితో ముట్టరాదు. కక్కిన ఎలుకను పారతో ఎత్తి లోతుగా పాతిపెట్టవలెను.